సింకు కిందికి ఒకసారి వంగి చూడండి

మాది మేడారం. జాతర నాలుగు రోజులు ఇసుక వేస్తే రాలనంత జనం. మిగతా రోజుల్లో అడవి నడుమ చిన్న ఊరు. పక్క ఊళ్ల బడుల్లో పిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యాను. నిరుడు ఆరు నెలలు టెక్సాస్‌లో కొడుకు దగ్గర ఉన్నప్పుడు, ఒక పొద్దున వంటింట్లో కాలు పెడితే చల్లగా తగిలింది. సింకు కింది అలమర నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అత్తమ్మా, డిస్పోజల్ పోయినట్టుంది" అంది కోడలు.

అమెరికా వంటిళ్లలో చాలావాటికి సింకు కింద చిన్న డ్రమ్ము లాంటి యంత్రం ఒకటి వేలాడుతుంది. పళ్లెంలో మిగిలిన మెతుకులు, కూరగాయల ముక్కలు సింకు రంధ్రంలోకి తోసి, నల్లా తిప్పి స్విచ్ వేస్తే అవి మెత్తగా నలిగి నీళ్లతో పాటు డ్రైనేజీలోకి పోతాయి. మిక్సీలో లాగా బ్లేడ్లుంటాయనుకున్నాను. కోడలు టార్చి వేసి చూపిస్తే కత్తులేమీ కనబడలేదు. అడుగున గిర్రున తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదిలే రెండు లోహపు ముక్కలు. అవి చెత్తను చుట్టూ ఉన్న గరుకు వలయం మీదికి విసిరితే, తురుముపీట మీద కొబ్బరిలా అక్కడ అరిగిపోతుంది. దీన్ని 1927లో విస్కాన్సిన్ రాష్ట్రం రసీన్ పట్టణంలో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు తయారు చేశాడు. ఆయన పెట్టిన ఇన్‌సింకరేటర్ కంపెనీ 1938 నుంచి ఉంది.

మా వాడు వెంటనే కొత్తది కొందామన్నాడు. ముందు పాతది నిజంగా పోయిందో లేదో చూడమన్నాను. ఆ పొద్దున మేం ముగ్గురం నేర్చుకున్నది ఇది. స్విచ్ వేసినా చప్పుడే రాకపోతే అడుగున ఎర్ర బటన్ ఉంటుంది, దాన్ని నొక్కి చూడాలి. గుయ్యిమని మోగుతూ తిరగకపోతే లోపల ఏదో ఇరుక్కుంది. కరెంటు ఆపేసి, అడుగు నడిమి బెజ్జంలో ఆరు పలకల అలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పితే వదులవుతుంది. ఇరుక్కున్నదాన్ని పటకారుతో తీయాలి, చెయ్యి మాత్రం పెట్టొద్దు. పైన సింకు దగ్గర కారితే బిగింపు సడలింది, పక్కన కారితే పైపు వదులైంది. ఆ రెండూ బాగవుతాయి. యంత్రం అడుగు నుంచే కారితే లోపలి సీలు పోయినట్టు, ఇక మార్చుకోవాల్సిందే. మాది అడుగు నుంచే కారుతోంది.

దుకాణంలో మా వాడు అన్నిటికంటే పెద్దది, ఒక హెచ్.పి.ది పట్టుకున్నాడు. "బోరుల నీళ్లు ఎంత లోతున ఉన్నయో చూడకుండ మోటరు కొంటమా బిడ్డా?" అన్నాను. ఇద్దరుండే ఇంటికి అర హెచ్.పి. చాలు. రోజూ రెండు పూటలా వండుకునే నలుగురికి ముప్పావు హెచ్.పి. సరిపోతుంది. హెచ్.పి. కంటే లోపలి భాగాలు స్టెయిన్‌లెస్ స్టీలువా కాదా అన్నది ఎక్కువ చూడాలి. నీళ్లలో నానే వస్తువుకు తుప్పే పెద్ద శత్రువు. పసిపిల్లలున్న ఇంటికైతే మూత పెట్టి తిప్పితే తప్ప తిరగని రకం మంచిది.

మార్చేటప్పుడు తేడా వచ్చేది బిగింపు దగ్గర. కొత్తది పాతదాని బిగింపుకే సరిపోతే, సింకుకు ఉన్న రింగును ఊడదీయకుండానే తగిలించవచ్చు. లేకపోతే పని రెట్టింపు. సింకు కింద జాగా, గోడలోకి పోయే పైపు ఎత్తు కొలుచుకొని వెళ్లాలి. డిస్పోజల్ నుంచి నీళ్లు బయటికొచ్చే మూతి ఆ పైపు కంటే పైనే ఉండాలి. చాలావాటికి కరెంటు తీగ విడిగా కొనుక్కోవాలి. గిన్నెలు కడిగే మెషిన్ పైపును దీనికే కలిపేటట్టయితే ఆ రంధ్రంలోని బిరడాను ముందే కొట్టి తీసేయాలి. అది మరిచిపోతే మెషిన్ నీళ్లు బయటికి పోవు.

ఇక మన తెలుగు వంట సంగతి. ఆ యంత్రం వాళ్ల ఎంగిలికి పుట్టింది, మన ఎంగిలికి కాదు. అన్నం నీళ్లలో ఉబ్బి పైపులో ముద్ద కడుతుంది. మునక్కాడ పిప్పి, కొత్తిమీర కాడలు, చింతపండు పిప్పి, కొబ్బరి పీచు చుట్టుకుంటాయి. మామిడి టెంకతో మోటరే ఆగిపోతుంది. నెయ్యి, తాలింపు నూనె వేడి నీళ్లతో లోపలికి పోయి దూరాన గడ్డకడతాయి. అందుకే తిప్పేటప్పుడు చన్నీళ్లే వదలాలి. ఇవన్నీ చెప్పాక కోడలు సింకు పక్కన చిన్న డబ్బా పెట్టింది.

ఊరి బయట సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో మా వాడి స్నేహితుడుంటాడు. అతనికి డిస్పోజలే వద్దన్నాను. నలిగినంత మాత్రాన చెత్త మాయం కాదు, ట్యాంకులో పేరుకుంటుంది. న్యూయార్క్ లాంటి మహానగరమే మురుగు పైపులకు భయపడి చాలా ప్రాంతాల్లో 1997 దాకా దీన్ని ఒప్పుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు హనుమకొండలో ఉండే మా చెల్లె కూతురు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నాకూ ఒకటి పట్టుకరా." తేలేదు. అక్కడి మోటరు 120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు చేసింది. మనది 230, 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. అంతకంటే ముఖ్యం, మన ఊళ్లలో చాలాచోట్ల సింకు నీళ్లు ఇంకుడు గుంతకో వీధి మోరీకో పోతాయి. అందులోకి నలిగిన ఎంగిలి వదిలితే దోమలకు విందు పెట్టినట్టే.

మా అమ్మ కాలంలో మేడారంలో మాకు ఈ యంత్రం ఉండేది. దాని పేరు కుడితి గోళెం. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తొక్కలు, మిగిలిన మెతుకులు అన్నీ అందులోకే. సాయంత్రం బర్రె వచ్చి మూతి పెట్టి అడుగు దాకా తాగేది. పొద్దున పాలిచ్చేది, పెంటకుప్పకు పేడ ఇచ్చేది. బర్రెను అమ్మాక గోళెం ఎండిపోయింది. దాని బదులు ఏది రావాలో మేమెవరం ఆలోచించలేదు. తొక్కలన్నీ ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి వాకిట్లోకి విసిరాం. పక్కింటి ఆవు ఆ కవర్‌తో సహా తిన్నది. దాన్ని చూసి నేను పడ్డ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. గోళెం ఉన్న చోటే ఇప్పుడు బెజ్జాలు కొట్టిన రెండు డ్రమ్ములు పెట్టాను. ఒక బుట్ట తొక్కలకు రెండు బుట్టల ఎండుటాకులు, పైన కొంచెం పేడనీళ్లు. ఆకులకు మా అడవిలో కొదవ లేదు. ఒకటి నిండితే రెండోది మొదలుపెడతాను. మూడు నెలలకు మట్టివాసన వేసే ఎరువు చేతికొస్తుంది. బొక్కలు, మాంసం వేయను, కుక్కలు తవ్వుతాయి. వాటిని లోతుగా పాతిపెడతాను.

డిస్పోజల్ మార్చుకునే బిడ్డలారా, దుకాణానికి పోయే ముందు సింకు కిందికి వంగి ఆ పైపు ఎటు పోతుందో చూడండి. జాతరకొచ్చే వాళ్లకు కూడా ఒక మనవి. వండుకొని తిన్నాక విస్తరాకులు, మెతుకులు ఒక చోట, కవర్లు మరో చోట వేయండి. మా పశువులకు వాటిని వేరు చేసుకొని తినడం రాదు.