ఏరు లేని మైదానంలో వాన నీరు ఎక్కడికి పోతుంది? అపోహలు – వాస్తవాలు

డాలస్ నుంచి కొలరాడోకు కారులో వెళ్లే మనవాళ్లు అమరిల్లో దగ్గర ‘ఎంతసేపటికీ ఇదే బయలా’ అని విసుక్కుంటారు. టెక్సస్ వాయవ్య భాగాన, న్యూమెక్సికో తూర్పు భాగాన పరుచుకున్న ఆ పశువుల మేత నేల ల్యానో ఎస్టకాడో.

అపోహ: అక్కడ నేలకు వాలే లేదు.
వాస్తవం: ఉంది, కంటికి ఆనదు. ఆగ్నేయం వైపు మైలుకు సుమారు 10 అడుగులు దిగుతుంది.

అపోహ: వాలుంటే వాన నీరు నదిలో కలవాల్సిందే.
వాస్తవం: ఇక్కడ చాలా నీరు ఏ నదికీ చేరదు. ప్లాయాలనే గుండ్రటి, లోతు తక్కువ కుంటలు సుమారు 20,000 ఉన్నాయి. చుట్టుపక్కల పడ్డ వాన వాటిలోకే చేరుతుంది. వాగులు నేలను కోసుకుపోయేది పాలో డ్యూరో లోయ లాంటి అంచుల్లోనే.

అపోహ: ఎండిన ప్లాయా పనికిమాలిన గుంట.
వాస్తవం: ఎండటం దాని పనిలో భాగం. అడుగున మన నల్లరేగడిలా జిగట మట్టి ఉంటుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పెద్ద వాన కురవగానే నీరు ఆ నెర్రెల్లోంచి బిరబిరా లోపలికి దిగుతుంది. తర్వాత మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, కుంట నిలుస్తుంది, చలికాలంలో బాతులు, క్రౌంచ పక్షులు వాలతాయి. ఎడతెగకుండా నీళ్లుంటే ఈ నెర్రెలే ఏర్పడవు. చుట్టూ గడ్డి తీసి దున్నితే కొట్టుకొచ్చే ఒండ్రు కుంటను పూడ్చేస్తుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అపోహ: ఈ నేల కింది నీరు రాకీ పర్వతాల మంచు కరిగి భూగర్భ నదిగా వస్తోంది.
వాస్తవం: నది లేదు. ఒకప్పుడు రాకీల నుంచి నదులు మోసుకొచ్చి పోసిన ఇసుక, గులకరాళ్ల పొరే ఓగలాలా అనే భూగర్భ జలపొర. ఆ సందుల్లో నీరు రోజుకు సుమారు అడుగు దూరం కదులుతుంది. పడమట పెకోస్, ఉత్తరాన కెనేడియన్ నదులు లోయలు కోసేయడంతో కొండలతో లంకె ఎప్పుడో తెగిపోయింది. పైన కురిసే వానే దిక్కు, అది ఎక్కువగా దిగేది ప్లాయాల గుండానే.

అపోహ: ఈ భూగర్భ నీటిని ఎండగట్టింది పశువులే.
వాస్తవం: టెక్సస్ శాసనసభ భవన నిర్మాణానికి బదులుగా ఇచ్చిన 30 లక్షల ఎకరాల్లో వెలసిన ఎక్స్‌ఐటీ రాంచ్, మందలకు నీళ్లు పెట్టడానికి 300కు పైగా గాలిమరలు నిలిపింది. గాలిమర తోడేది కొద్దిగానే. మట్టం పడిపోయింది సేద్యానికి మోటారు పంపులు వచ్చాక.

అక్కడ భూమి ఉన్నవారికి ఒకటే విన్నపం: ప్లాయాను దున్నకండి, చుట్టూ గడ్డిని ఉంచండి, పాతకాలంలో అడుగున తవ్విన గోతుల్ని పూడ్చండి.