డేటాబేస్‌ను అడుగు తీరు

ఒక ఉన్నత పాఠశాల గ్రంథాలయములో ఏ పుస్తకము ఎవరివద్ద నున్నదో వెబ్ పుటలో చూపవలెననుకొందము. పుస్తకములు, విద్యార్థులు, ఇచ్చిన పుస్తకముల పద్దు - ఈ మూడును డేటాబేస్‌లో మూడు పట్టికలుగా నుండును. వెబ్ పుటను తయారుచేయు ప్రోగ్రాము ఆ పట్టికలను ఎట్లు అడుగవలెను?

వివరములను పట్టికలుగా భావించు పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించెను. 1974లో అదే సంస్థలోని చేంబర్లిన్, బాయిస్ అనువారు అట్టి పట్టికలను అడుగుటకు ఒక భాషను ప్రకటించిరి. తరువాత అది ఎస్.క్యు.ఎల్. అను పేరు పొందెను. ఇందులో ఏమి కావలెనో చెప్పిన చాలును. ఎట్లు వెదుకవలెనో డేటాబేస్ చూచుకొనును.

ప్రోగ్రాము డేటాబేస్‌ను అడుగుటకు ముఖ్యముగా రెండు మార్గములు గలవు. మొదటిది, ఎస్.క్యు.ఎల్. వాక్యములను ప్రోగ్రాములోనే నేరుగా వ్రాయుట. రెండవది, ఓ.ఆర్.ఎం. అను దుబాసీని మధ్య నుంచుట. అది పట్టికలోని ఒక్కొక్క వరుసను ప్రోగ్రాములో ఒక వస్తువుగా చూపి, ఎస్.క్యు.ఎల్. వాక్యములను తానే కల్పించును. పట్టికలు పదులకొలది యున్నచోట దీనివలన శ్రమ తగ్గును. కాని దుబాసీ పద్ధతులను వేరుగా నేర్వవలెను. అది ఏమి అడుగుచున్నదో పైకి కనబడదు. 40 పుస్తకముల జాబితాలో ప్రతిదానికి తీసికొన్నవారి పేరు కావలసినపుడు, అజాగ్రత్తగా వ్రాసినచో, ఒక ప్రశ్నకు బదులు 41 ప్రశ్నలు పోవచ్చును. పట్టికలను జతపరచి నేరుగా అడిగినచో ఒకే ప్రశ్న చాలును.

నేరుగా వ్రాయుటలోను ఒక అపాయము గలదు. చదువరి టైపుచేసిన పేరును కొటేషన్ గుర్తుల మధ్య నుంచి వాక్యమునకు అతికినామనుకొందము. ఎవరైనను ఆ గుర్తునే టైపుచేసి, దాని ప్రక్కన 'లేక 1 = 1' అను అర్థమిచ్చు ఎస్.క్యు.ఎల్. మాటలు చేర్చవచ్చును. ఆ షరతు ఎల్లప్పుడు నిజమే గనుక పట్టిక యంతయు బయటపడును. దీనినే ఎస్.క్యు.ఎల్. ఇంజెక్షన్ అందురు.

దీనికి నివారణ సులభము. వాక్యములో పేరు రావలసిన చోట ప్రశ్నార్థకము నుంచి, పేరును వేరుగా పంపవలెను. అచ్చు ఫారములోని ఖాళీని పూరించినంత మాత్రమున అచ్చైన అక్షరములు మారవు గదా! అట్లే ఖాళీలో వచ్చినది విలువయే యగును గాని ఆజ్ఞ కాజాలదు. పైథాన్‌తో వచ్చు ఎస్‌క్యూలైట్ మాడ్యూలులోను, 2005లో పి.హెచ్.పి.లో చేరిన పి.డి.ఓ.లోను ఈ సదుపాయము గలదు.

2000లో రిచర్డ్ హిప్ వెలువరించిన ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌నంతయు ఒకే ఫైలులో నుంచును; దానికి వేరుగా సర్వరు అక్కరలేదు. అయితే ఒకేసారి ఒక్కరే అందులో వ్రాయగలరు. పాఠశాల గ్రంథాలయమునకు ఇది కొరత కాదు.

మూడు పట్టికల పనికి దుబాసీ అవసరము లేదు. వాక్యములన్నిటిని ఒకచోట చేర్చి, విలువలను ఖాళీలద్వారా మాత్రమే పంపినచో చాలును. పట్టికలు పెరిగిననాడు మార్గము మార్చుకొనుటయు తేలికయే.