సూచీకర్తలకు వర్గీకరణ శిక్షణ: ప్రణాళిక రచన

వర్గీకరణ శిక్షణ అనగానే డ్యూయీ షెడ్యూళ్లను 000 నుంచి 900 వరకు వరుసగా చెప్పుకుంటూ పోవడమేనని చాలామంది భావిస్తారు. అలా చెబితే అభ్యర్థులకు అంకెలు పరిచయమవుతాయి గాని, కొత్త పుస్తకం చేతికిచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. డాక్టర్ ఎస్.ఆర్. రంగనాథన్ వర్గీకరణ పనిని మూడు తలాలుగా విభజించారు: భావతలం, పదతలం, సంజ్ఞాతలం. అంటే పుస్తకం దేని గురించో నిర్ణయించుకోవడం, దాన్ని సరైన పదాల్లో చెప్పడం, ఆ తరువాత సంఖ్య వేయడం. మన శిక్షణ తరగతుల్లో అధిక సమయం మూడో తలానికే పోతుంది. తప్పులు మాత్రం ఎక్కువగా మొదటి తలంలోనే జరుగుతాయి.

మీరు నరసరావుపేటలో ఐదు రోజుల శిక్షణ ఏర్పాటు చేస్తున్నారనుకుందాం. మాచర్ల, గురజాల వంటి చోట్ల శాఖా గ్రంథాలయాల్లో పనిచేసే పదిహేను మంది వస్తారు. మొదటి రోజు షెడ్యూళ్లు తెరవనివ్వకండి. శీర్షికలో 'పల్నాడు' అనే మాట ఉన్న నాలుగు పుస్తకాలను బల్లమీద పెట్టండి. శ్రీనాథుడి పేరుతో ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర కావ్యం. కనుక అది తెలుగు కవిత్వం, 894.8271. పల్నాటి యుద్ధాన్ని ఆధారాలతో పరిశీలించిన గ్రంథం చరిత్ర కనుక ఆంధ్రప్రదేశ్ చరిత్ర సంఖ్య 954.84 కిందికి వస్తుంది. కారంపూడి వీరారాధనను హిందూ మతాచారంగా వివరించిన పుస్తకం 294.5లో చేరుతుంది. అదే కథను పాడే తీరును జానపద విజ్ఞానంగా పరిశీలిస్తే 398. మాట ఒక్కటే అయినా స్థానాలు నాలుగు. 1876లో వెలువడిన నాటి నుంచీ డ్యూయీ పద్ధతి పుస్తకాన్ని అది చెందిన శాస్త్రాన్ని బట్టి విభజిస్తుంది. ఆ సంగతి ఉపన్యాసం కన్నా ఈ నాలుగు పుస్తకాలతోనే బాగా తెలుస్తుంది.

(తెలుగులో ఉన్న ప్రతి పుస్తకానికీ 894.827 వేసిన అలమరాలు నేను అనేకం చూశాను. భాషకూ సాహిత్యానికీ విషయానికీ తేడా చెప్పకుండా మొదలుపెట్టిన శిక్షణ ఫలితం అది. వ్యవసాయ పుస్తకం కోసం వచ్చిన రైతు నవలల అలమరలో ఎందుకు వెతుకుతాడు?)

రెండు, మూడు రోజులు సంఖ్యా నిర్మాణానికి కేటాయించండి. ఈ ప్రాంతానికి పత్తి చక్కని ఉదాహరణ. పత్తి సాగు 633.51. పత్తి నూలు, బట్టల తయారీ 677.21. పత్తి ఉత్పత్తిని ఆర్థిక కోణంలో చర్చిస్తే 338.17 కు, 63 తరువాత వచ్చే 351 చేర్చి 338.17351 అని నిర్మించాలి. ఈ మూడో సంఖ్యను అభ్యర్థి స్వయంగా కట్టగలిగితే 'చేర్చుము' అనే సూచన అర్థమైనట్లే. తరువాత కొంచెం కష్టమైనది ఇవ్వండి: నాగార్జునసాగర్ కుడి కాలువ రాక వల్ల పత్తి సాగులో వచ్చిన మార్పులు. ఒక విషయం మరొకదానిపై చూపిన ప్రభావాన్ని చెప్పే పుస్తకం, ప్రభావానికి లోనైన విషయంలోనే చేరుతుంది. కనుక ఇది నీటిపారుదల కింద కాదు, పత్తి కిందికి వస్తుంది. ఇక్కడ వాదన జరుగుతుంది. జరగనివ్వండి.

నాలుగో రోజుకు ప్రతి అభ్యర్థీ తన గ్రంథాలయం నుంచి పది పుస్తకాలు తేవాలని ఆహ్వాన పత్రంలోనే రాయండి. సంఖ్య వేయడానికి జంకి పక్కన పెట్టిన పుస్తకాలైతే మరీ మంచిది. ఒకే పుస్తకానికి ఇద్దరు విడివిడిగా సంఖ్య వేసి, తేడా వస్తే కారణం చెప్పాలి. రెండు స్థానాలూ సమర్థనీయమైనప్పుడు ఒకదాన్ని ఎన్నుకొని నిర్ణయాల రిజిస్టరులో నమోదు చేయాలి. లేకపోతే అదే పుస్తకం మాచర్లలో ఒకచోట, గురజాలలో మరొకచోట ఉంటుంది.

ఐదో రోజు రాత పరీక్ష పెట్టవచ్చు. దానికి పెద్ద ప్రాధాన్యం అవసరం లేదు. అసలు పరీక్ష మూడు నెలల తరువాత. అభ్యర్థి పనిచేసే గ్రంథాలయానికి వెళ్లి, శిక్షణ తరువాత చేరిన పుస్తకాల నుంచి ఇరవై ఐదింటిని ఏరి, సంఖ్యలనూ రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ ప్రయాణ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే చేర్చుకోండి.