సెల్‌ఫోన్‌లో చూసే బాధ

ఫోన్‌లో ఒక ప్రమాదం వీడియో, దాని వెనకే ఒక జోకు, ఆ వెనకే బిర్యానీ. అయ్యో అనుకునే వ్యవధి కూడా ఉండదు. రోజూ ఇలాగే చూస్తుంటే మనసు మొద్దుబారుతుంది. కోపం మాత్రం మొద్దుబారదు! 2017లో అమెరికా పరిశోధకులు ట్విట్టర్ సందేశాలను పరిశీలించగా, మంచిచెడులపై ఆవేశం పలికించే మాట ఒక్కొక్కటి చేరినకొద్దీ అవి సుమారు 20 శాతం ఎక్కువగా వ్యాపించాయి.

మా క్యాజువాలిటీకి గాయపడినవారు చేరకముందే వారి ఫొటో వాట్సాప్‌లో ఇంటికి చేరుతోంది. కన్నతల్లి బిడ్డ రక్తాన్ని అలా చూడవలసిందేనా? దయచేసి, ఫోన్ తీస్తే ముందు 108కి చేయండి. పోలీసులంటే భయం వద్దు. సదుద్దేశంతో సాయపడేవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. 2020 నియమాల ప్రకారం పేరు చెప్పమని వారిని పోలీసులు బలవంతపెట్టకూడదు. దారిన పోతూ తెచ్చి చేర్చినవారిని మేమూ డబ్బు కట్టమని అడగము.