పచ్చ కాని పచ్చరాయి

అంగట్లో ఆకుపచ్చగా కనిపించే ప్రతి రాయీ పచ్చ కాదు, జేడూ కాదు. 'న్యూ జేడ్' అని అమ్మేది సాధారణంగా సర్పెంటైన్ అనే ఖనిజం. దాని మచ్చలూ చారలూ పాముచర్మాన్ని తలపిస్తాయి కనుక ఆ పేరొచ్చింది. చైనాలో పేరుమోసిన షియుయెన్ జేడ్ కూడా ఎక్కువభాగం ఇదే.

ఇది మనకు మరీ దూరపు రాయేం కాదు. సూర్యాపేట గ్రానైటు గుట్టలు దాటి దక్షిణంగా కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు వస్తే, సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారమైన సున్నపురాయి పొరలు కనిపిస్తాయి. ఇవి విశాలమైన కడప బేసిన్‌కు ఉత్తరపు కొస. అదే బేసిన్ నైరుతి అంచున, పులివెందుల ప్రాంతంలో సర్పెంటైన్ ఉంది. అక్కడి డోలమైటు పొరల్లో మెగ్నీషియం ఎక్కువ. ఒకప్పుడు కరిగిన శిలాద్రవం వాటి మధ్యకు చొచ్చుకొచ్చింది. ఆ వేడిలో మెగ్నీషియం, సిలికా, నీరు కలిసి ఈ రాయి ఏర్పడింది. దీని బరువులో సుమారు 13 శాతం నీరే!

మరి గుర్తుపట్టేదెలా? పచ్చ కాఠిన్యం 7.5 నుంచి 8, జేడ్‌ది 6 నుంచి 7. సర్పెంటైన్‌ది 2.5 నుంచి 5.5 మాత్రమే. అడుగున, కనపడనిచోట ఉక్కు సూదితో గీస్తే చాలా రాళ్ళకు గీత పడుతుంది. జేడ్ కంటే తేలిక కూడా. సాంద్రత సుమారు 2.6.

మెత్తన కాబట్టే చేతిపనివారికి ఇది అనువు. పూసలుగా తొలచవచ్చు, పైన గుబ్బగా అడుగు చదునుగా అరగదీసి వెండిలో పొదగవచ్చు. అయితే ఉంగరంలో త్వరగా గీతలు పడుతుంది. లోలకులకు, దండలకు మేలు. అతుకుపని అంతా అయ్యాకే రాయి పొదగాలి, వేడికి చెడుతుంది. వెండిని తోమినట్టు చింతపండుతో తోమకూడదు, పులుపు పడదు.

అసలు చెప్పదలచింది ఇంకొకటుంది. పులివెందుల సర్పెంటైన్‌లో పీచులాంటి తెల్లని చారలుంటాయి. అదే క్రైసోటైల్ ఆస్బెస్టాస్. దాని దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నునుపు చేసిన పూస మెడలో వేసుకుంటే భయం లేదు. ముప్పంతా పొడిగా కోసి, అరగదీసే మనిషికే. పీచు కనిపించే రాయిని ముట్టుకోకూడదు. మిగతావి నీళ్ళు పోస్తూనే కోయాలి, సరైన మాస్కు కట్టాలి, బురద ఆరకముందే తుడిచెయ్యాలి. ముక్కుకు చేతిరుమాలు చాలదు.

కొనేటప్పుడు రాయి అసలు పేరు అడుగుదాం. దాన్ని ఎలా కోశారో కూడా అడుగుదాం. మన మెడలో అందం మరొకరి ఊపిరికి ఖరీదు కాకూడదు కదా!