వంతు నెరిగిన యంత్రము

గణనమును క్షణములో ముగింపగల కంప్యూటరు, కాగితముపై అక్షరములు పడునంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట వ్యర్థమని గ్రహించిన తొలినాళ్ల నిర్మాతలు, ముద్రింపవలసినదాని నంతయు ముందు టేపుపైనో డిస్కుపైనో దాచి, ప్రింటరు తీరికను బట్టి క్రమముగా పంపెడి పద్ధతిని కల్పించిరి. దానికి స్పూలింగు అని పేరు. ఒకే ప్రింటరును పెక్కుమంది విద్యార్థులు పంచుకొనవలసిన విశ్వవిద్యాలయములకు ఈ పద్ధతి అత్యావశ్యక మయ్యెను. ఏలయన, అచ్చటి చిక్కు యంత్రవేగముతో తీరునది కాదు, ఎవరి పత్రము ముందు, ఎవరిది వెనుక యను కట్టుబాటుతో తీరునది.

ప్రింటరొక భవనమునను, కంప్యూటరు వేరొక భవనమునను ఉన్నచో ఈ కట్టుబాటు చెల్లుట యెట్లు? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి బర్క్‌లీ ప్రాంగణమున రూపొంది 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్ దీనికి సమాధానము చెప్పెను. అందులోని ఎల్‌పీఆర్ అను ఆజ్ఞను, దాని ప్రక్కన ఫైలుపేరును టైపుచేసి ఎంటర్ నొక్కినంతనే విద్యార్థి పని ముగియును. తరువాతి భారమంతయు ఎల్‌పీడీ అను ప్రోగ్రాముది. తెరవెనుక నిరంతరము మేల్కొనియుండు ఇట్టి ప్రోగ్రామును యూనిక్స్‌వారు డీమన్ అందురు. అది ప్రింట్‌క్యాప్ అను పట్టికను తెరచి, కోరిన ప్రింటరు పొరుగు కంప్యూటరునకు తగిలించియున్నదని తెలిసికొని, నెట్‌వర్కుమీదుగా ఆ కంప్యూటరుయొక్క 515వ పోర్టును, అనగా ఆ సంఖ్యగల ద్వారమును, చేరును.

ఆ పిమ్మట జరుగు సంభాషణము మిక్కిలి మితముగా నుండును. పంపువాడు రెండు అను సంఖ్యగల ఒక బైటును, దానివెంట క్యూ, అనగా ఆ ప్రింటరునకై వేచియుండు పత్రముల వరుస, పేరును పంపును. అనగా పత్రము వచ్చుచున్నది, గైకొనుము అని యర్థము. గైకొనువాడు సున్నను తిరిగి పంపినచో సమ్మతి. మరేది పంపినను నిరాకరణము. తరువాత రెండు ఫైళ్లు పోవును. ఒకటి పత్రమే, రెండవది, రైలుపార్సెలునకు అంటించిన చీటివలె, పంపినవారి పేరును, కంప్యూటరు పేరును, చేయవలసిన పనిని తెలుపు కంట్రోల్ ఫైలు. ఎల్‌పీక్యూ అని టైపుచేసినచో ఎవరి పత్రము అచ్చగుచున్నదో, తన వంతెన్నవదో కనబడును. ఎల్‌పీఆర్‌ఎమ్ అనినచో తన పత్రమును ఉపసంహరించుకొనవచ్చును గాని, పరుల పత్రమును తొలగించుట సామాన్యునకు సాధ్యము కాదు.

ఈ మర్యాదలో ఒక లోపము కలదు: పంపువాడు తాను ఫలానా యని చెప్పినచో దానిని నమ్ముటయే గాని పరీక్షించుట లేదు. 721 మొదలు 731 వరకుగల పోర్టులనుండి వచ్చినదే ప్రమాణమని నియమము. యూనిక్స్‌లో అట్టి పోర్టులు నిర్వాహకుని యధీనములు. కాని వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చి, ప్రతివాడును తన యంత్రమునకు తానే నిర్వాహకుడు కాగా, ఆ నమ్మకమునకు ఆధారము తొలగెను. వాడుకలో పాతుకొనిన ఈ పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 1179 అను ఇంటర్నెట్ వివరణపత్రము 1990 ఆగస్టులో అక్షరబద్ధము చేసినదే గాని సంస్కరింపలేదు. 1999లో తొలుత వెలువడిన కప్స్ అను ముద్రణవ్యవస్థ, 631వ పోర్టుపై నడచు ఐపీపీ అను నూతన నియమావళితో, పంపువాని గుర్తింపును పరీక్షించుటకు వీలు కల్పించెను. 2002లో ఆపిల్‌వారు దానిని మ్యాక్ ఓఎస్ టెన్‌లో చేర్చుకొనిరి.

అయినను కప్స్‌లో సైతము ఎల్‌పీఆర్, ఎల్‌పీక్యూ, ఎల్‌పీఆర్‌ఎమ్ అను ఆ మూడాజ్ఞలే నేటికిని చెల్లుచున్నవి. అక్షరములను సుత్తెలతో కొట్టు లైన్‌ప్రింటర్లు పోయి లేజరు ప్రింటర్లు వచ్చినను ఆ ఆజ్ఞలు నిలుచుటకు కారణము లేకపోలేదు: ఆయా ప్రింటరు భాషకు తగినట్లు పత్రమును మార్చు పనిని బర్క్‌లీవారు ఫిల్టర్లు అను వేరు ప్రోగ్రాములకు విడిచి, ఆజ్ఞలకు పంపుట, చూచుట, తొలగించుట అను మూడు పనులను మాత్రమే మిగిల్చిరి. క్రొత్త ప్రింటరు వచ్చినపుడు క్రొత్త ఫిల్టరు వ్రాసికొనిన చాలును. విద్యార్థి క్రొత్తగా నేర్వవలసినది లేదు.