నాణెం చేయి జారితే

సెలవులకు తిరుపతి, చిత్తూరు హాస్టళ్ల నుండి ఊరొచ్చిన పిల్లలు అరుగుమీద కూర్చుని నాణెం మాయంచేసి చూపిస్తుంటారు. (పేకముక్కలు మన ఇళ్లలో రుచించవు గనుక నాణెమే మేలు.) చూసేవారు మూరెడు దూరంలోనే ఉంటారు, నాణెం జారితే దాగదు. అందుకే జరగబోయేది ముందుగా చాటకూడదు. చాటకపోతే, జారినదాన్ని నెమ్మదిగా తీసికొని మరో కనికట్టు మొదలుపెట్టవచ్చు. మధ్యలో మాత్రం వదలి లేవరాదు. 1956లో బి.బి.సి. టెలివిజన్‌లో పి.సి. సర్కార్ ఒక యువతిని రంపంతో కోసినట్లు చూపగా, ఆమె లేవకముందే కార్యక్రమం ముగిసింది. చనిపోయిందేమోనని ప్రేక్షకులు ఫోన్లు చేశారు.

“ఆ చేతిలోనే ఉంది” అని ఎవరైనా పట్టేస్తే, బొంకకుండా గుప్పిట తెరచి నవ్వేయాలి. ప్రియమైన తల్లిదండ్రులారా, అప్పుడు మీరు ఎగతాళి చేయకండి. రేపు సండేస్కూలులో వాడు నోరు తెరవడు. ఆ పూటే మళ్లీ చేయమనీ అడగవద్దు. రెండోసారి అందరి కళ్లూ చేతిమీదే ఉంటాయి.